గడల మధ్య సూర్యుడు

స్విట్జర్లాండ్ కొండల్లోని ఎలెన్‌మాట్‌లో యోస్ట్ కుబ్లి కట్టనిది చర్చి ఒక్కటే అని ఊళ్ళో చెప్పుకుంటారు. "అది కూడా వాడు పుట్టకముందే ఎవరో కట్టేసి పెట్టారు కాబట్టి తప్పించుకుంది" అని వడ్రంగి హైరీ ఎగతాళి చేసేవాడు. బడి, ఏటి మీద వంతెన, లారీలను ఊరి బయటికి మళ్ళించిన రోడ్డు, మంచుచరియలు విరిగిపడే వాలు కింద నుంచి ఎత్తుకొచ్చి ఏటికి ఇవతల నిలబెట్టిన ఇళ్ళ వరస, అన్నీ యోస్ట్ చేతి గీతలే. యౌవనంలో ఊరి కట్టడాల అధికారిగా చేరినవాడు జుట్టు నెరిసేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. జూరిక్ నుంచి, మ్యూనిక్ నుంచి కూడా అతన్ని పిలిపించుకుని మాట్లాడించేవారు.

అంత దూరం అతని పేరు పాకింది గడల వల్ల. ఏదైనా కట్టాలంటే ముందు ఆ స్థలంలో పొడవాటి గడలు పాతి చూపించడం ఎప్పటి నుంచో ఉన్నదే. గోడ వచ్చే చోటల్లా ఒక గడ, కప్పు లేచే ఎత్తున గడకు అడ్డంగా ఒక బద్ద. నాలుగు రోజులు ఊరు చూస్తుంది, అభ్యంతరం లేకపోతే పీకేస్తారు. యోస్ట్ ఊరి చేత వేరే నియమం ఒప్పించాడు. కట్టడం పెద్దదైతే గడలు ఒక చలికాలమంతా నిలబడాలి.

"వేసవిలో మనకి అన్నీ బాగానే ఉంటాయి. చలికాలంలో దాని పక్కన బతికి చూడండి. అప్పుడు చెయ్యెత్తండి" అనేవాడు సభలో.

చుట్టుపక్కల లోయలవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత అదే నియమం రాసుకున్నారు.

ఊర్సి అతని అక్క. తల్లి పోయేనాటికి యోస్ట్‌కి చెంచా పట్టడం కూడా సరిగా రాదు. ఊర్సి బడి మానేసి అద్దకం మిల్లులో చేరింది. ఎర్ర రుమాళ్ళ మీద పువ్వులు అచ్చువేసే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గోళ్ళ సందుల్లో ఎరుపు ఉండేది, ఎంత తోమినా పోయేది కాదు. మిల్లులో పారేసే నమూనా కాగితాలు మడిచి జేబులో పెట్టుకొచ్చి తమ్ముడికి ఇచ్చేది. వాటి వెనకవైపు అతను ఇళ్ళు గీసేవాడు. బడిలో ఉన్నప్పుడు ఆమెకు కూడా పటాలు గీయడమంటే ప్రాణం. ఏళ్ళు గడిచాక ఆ ఇష్టం ఎటు పోయిందని ఆమె వెతుక్కోలేదు. తమ్ముడి దగ్గర ఉందిలే అనుకునేది.

యోస్ట్ ముందు హైరీతో పాటు వడ్రంగం నేర్చుకుంటూ గడలు మోశాడు. తర్వాత పై చదువు, జూరిక్‌లో ఉద్యోగం, ఆ తర్వాత మళ్ళీ ఊరు. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. అతను ఆఫీసు మేడ మీద, ఆమె తండ్రి వదిలిన ఇంటి పై అంతస్తులో. ఆదివారం మధ్యాహ్నం మటుకు భోజనం అక్క దగ్గరే. ఆడవాళ్ళకు ఓటు వచ్చిన ఏడాది ఊరి సభలో ఊర్సి మొట్టమొదటిసారి చెయ్యెత్తింది. తమ్ముడు గీసిన బడి కోసం. చెయ్యి దించడం మర్చిపోతే పక్కావిడ మోచేత్తో పొడిచి "చాల్లే, లెక్కపెట్టేశారు" అంది.

ఊర్సి తుంటి విరిగాక ఆ ఇంటి మెట్లు కొండెక్కడంలా తయారయ్యాయి. డాక్టరు దిగువ పట్టణంలో ఉన్న వృద్ధుల ఇంటికి వెళ్ళమన్నాడు. ఊళ్ళో కాళ్ళు ఆడనివాళ్ళందరి దారీ అదే. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చింది చర్చి వెనక సమాధుల స్థలానికే.

"ఆగక్కా. ఇక్కడే కడతాను" అన్నాడు యోస్ట్.

అతని చివరి కట్టడం అలా మొదలైంది. కూడలికి దక్షిణం పక్కన, ఒకప్పుడు మిల్లు యజమాని గుర్రాల కొట్టం ఉన్న చోట, నాలుగంతస్తుల ఇల్లు, లిఫ్టుతో. ఊరి ముసలివాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. పటం తెచ్చి అక్క ముందు పరిచి, పై అంతస్తులో కూడలి వైపు కిటికీ మీద వేలు పెట్టి "ఇదుగో, నీ కుర్చీ ఇక్కడ" అన్నాడు. ఊర్సి ఆ చిన్న గడిని చాలాసేపు చూసింది. ఆ తర్వాత రోజూ మెట్లెక్కేటప్పుడు ఆ గడిని తలుచుకునేది.

వేసవి చివర గడలు లేచాయి. కానీ కాంటన్, అంటే వాళ్ళ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయానికి గడువు ముంచుకొచ్చింది. ఆకులు రాలే కాలంలో సభ పెట్టి, యోస్ట్ తన నియమాన్ని తనే ఒక్కసారికి పక్కన పెట్టమని అడిగాడు.

"ఇన్నేళ్ళు నన్ను చూశారు. ఈ ఒక్కదానికి చలికాలం ఆగకుండా నమ్మండి."

చేతులన్నీ లేచాయి. ఊర్సి చెయ్యి అందరికంటే ముందు లేచింది.

గడలు ఆ వారమే పీకాల్సింది. హైరీ సొంత కొట్టం నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంచు తొందరగా వచ్చింది. గడలు అలాగే నిలబడిపోయాయి.

నవంబరులో సూర్యుడు దక్షిణాన హోర్న్ కొండ వెనక్కి వెళ్ళిపోతే ఫిబ్రవరి దాకా ఊరి మీద ఎండ పొడ పడదు. ఆ కొండ శిఖరం పొడవునా ఒకేచోట చిన్న గండి ఉంది, పంటిసందు అంటారు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సూర్యుడు ముందు అందులోంచి తొంగిచూస్తాడు. కాసేపే. ఆ కాసేపు ఎండ పడేది కూడలికి ఉత్తరపు అంచున, పాత బేకరీ గోడకు ఆనించిన పొడవాటి బెంచీ మీద. చలికాలంలో పుట్టిన పసిపిల్లలను ఆ రోజు ఎండకు చూపిస్తారు. ఊళ్ళో అందరికంటే పెద్దావిడ ఊరందరి తరఫున సూర్యుడికి నమస్కారం చెబుతుంది. బెంచీ మీద చోటు మాత్రం చలికాలమంతా నీడలో గడిపినవాళ్ళకే. దిగువన ఎండలో ఉండి పండక్కి వచ్చినవాళ్ళు దారి మీద నిలబడాలి. యోస్ట్ జూరిక్‌లో ఉన్న ఏళ్ళలో అలాగే నిలబడేవాడు, మంచి కోటు వేసుకుని. ఊర్సి బెంచీ మీద నుంచి అతన్ని చూసి నవ్వుకునేది.

ఆ ఏడు కూడా ఊర్సి కర్ర పట్టుకుని వెళ్ళి వ్రేని పక్కన కూర్చుంది. వ్రేని అందరికంటే పెద్దావిడ. కళ్ళు మాత్రం పదునుగా ఉన్నాయి, నాలుక అంతకంటే. ప్లమ్ గుజ్జు సగం, బాదం ముద్ద సగం పెట్టిన పేస్ట్రీ ముక్కలు చేతులు మారుతున్నాయి.

"బాదం వైపు నాకు పెట్టు. ప్లమ్ నీ తమ్ముడికి పెట్టుకో, పులుపు తట్టుకునే పళ్ళు వాడికున్నాయి" అంది వ్రేని.

"వాడు ఇటు రాడులే పెద్దమ్మా. గడల దగ్గర హైరీతో మాటలు పెట్టుకున్నాడు."

"పండగపూట కూడానా?"

"హైరీ కర్రలతో నడవడం మొదలెట్టాడుగా. గడలు ఎప్పుడు పీకుతావని అడుగుతున్నాడు."

పంటిసందు తెల్లబడింది. మాటలు ఆగిపోయాయి. సూర్యుడి అంచు కనబడింది, పెరిగింది, నిండుగా సందులో నిలిచింది. బెంచీ మీది మొహాలు వెలిగాయి. వ్రేని లేవబోయి ఆగింది.

సూర్యుడు గడల మధ్య ఉన్నాడు. ఎడమన ఒక గడ, కుడిన ఒక గడ, పైన, చాలా పైన, కప్పు ఎత్తు చూపించే బద్ద. పంటిసందు మొత్తం ఆ చట్రంలోనే ఇమిడిపోయింది. గడల మధ్య ఇప్పుడు ఉన్నది గాలే. వచ్చే ఏడాది అక్కడ గోడ ఉంటుంది. పక్కవాళ్ళందరూ అదే చూస్తున్నారని ఊర్సికి వాళ్ళ వైపు తిరక్కుండానే తెలిసింది. ఒక తల్లి పసివాణ్ణి పైకెత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. వాడి బుగ్గ మీద సన్నటి గడ నీడ పడింది.

వ్రేని లేచి, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "వచ్చావా. మేమంతా ఉన్నాం." సూర్యుడు సందు దాటి వెళ్ళిపోయాడు.

యోస్ట్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. గడలకు అవతల, కొండ నీడలోనే నిలబడ్డవాడికి ఆ చట్రం కనబడలేదు.

"ఎలా ఉందక్కా ఈ ఏడు?"

"బాగుంది" అంది ఊర్సి.

చెయ్యెత్తినవాళ్ళే అందరూ. ఎవరి పేస్ట్రీ ముక్క వాళ్ళు చూసుకున్నారు.

ఇంటికి పోయేటప్పుడు వ్రేని ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియని నడక.

"చూశావుగా?"

"చూశాను."

"చెప్తావా వాడికి?"

"మీరు చెప్పచ్చుగా పెద్దమ్మా. పెద్దవారు."

"నేను పోయేదాన్ని. నమ్మి చెయ్యెత్తి, ఇప్పుడు తప్పు పట్టడానికి నాకేం మొహం ఉంది." వ్రేని నాలుగడుగులు వేసింది. "నువ్వూ చెప్పవులే. కిటికీ గది నీదేగా."

ఊర్సికి చురుక్కుమంది. మెట్ల దగ్గర ఆగి పైకి చూసింది. ఆ మెట్లు ఎక్కేసరికి ఒంట్లో సత్తువంతా అయిపోయింది.

మర్నాటి నుంచి మబ్బు. మబ్బు పట్టినంత కాలం చెప్పక్కర్లేదని ఊర్సి తనకు తనే ఒక ఒప్పందం చేసుకుంది. సూర్యుడు రోజురోజుకీ పైకి జరుగుతాడు. త్వరలో బద్ద కంటే పైకి పోతాడు. అప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. హైరీ గడలు పీకేస్తే అసలే ఉండదు.

ఆదివారం యోస్ట్ భోజనానికి వచ్చాడు. మాకరోనీ, పైన తురిమిన పచ్చ జున్ను, ఆపిల్ గుజ్జు. అతను తింటూ మాట్లాడుతూనే ఉన్నాడు. లిఫ్టు తలుపు వెడల్పు, గచ్చు జారకుండా ఏ రాయి వెయ్యాలి, వంటగది ఎవరికి అప్పగించాలి. జుట్టు పల్చబడింది గానీ చేతులు గాల్లో ఇళ్ళు గీయడం మానలేదు.

"తినరా. చల్లారిపోతోంది."

"ఇది అయిపోతే చాలక్కా. ఇంకేం కట్టను. నిన్ను అందులో కూర్చోబెట్టి పెన్సిలు పారేస్తాను."

"హైరీ ఎప్పుడు పీకుతానన్నాడు?"

"రేపో ఎల్లుండో. ఎందుకూ?"

"ఊరికే అడిగాను."

అతను వెళ్ళాక ఆమె గిన్నెలు కడగకుండా కూర్చుండిపోయింది. అతను కట్టిందంతా తన మిల్లు కూలి మీదే లేచిందని ఎప్పుడైనా అనుకుందా అంటే, అనుకుంది. పైకి అనలేదు. ఒక్కసారైనా తనకంటూ ఏదైనా అడగాలని ఉండేది. అడక్కుండానే అతను ఇచ్చాడు, లిఫ్టుతో సహా. ఇప్పుడు దాన్ని తన నోటితోనే వద్దనాలా? ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, నోళ్ళు లేవా?

సోమవారం పొద్దున మబ్బు విడిపోయింది. మధ్యాహ్నం కావస్తుండగా ఊర్సి ఫోను చేసింది.

"బేకరీ బెంచీ దగ్గరికి రా."

"పనిలో ఉన్నానక్కా. హైరీ మనుషుల్ని తీసుకొచ్చాడు."

"వాణ్ణి కాసేపు ఆపి రా. నేను దిగుతున్నాను."

ఆమె మెట్లు దిగి వెళ్ళేసరికి అతను బెంచీ దగ్గర కోటు గుండీలు పెట్టుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఏమైంది? పడ్డావా?"

"లేదు. నా చోట్లో కూచో."

కూర్చున్నాడు. సూర్యుడు పంటిసందు కంటే కొద్దిగా పైకి జరిగాడు, అయినా చట్రంలోనే ఉన్నాడు, బద్ద కింద. యోస్ట్ కళ్ళు చిట్లించి చూశాడు. తల ఎడమకు జరిపాడు, కుడికి జరిపాడు. లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"కట్టడం నీడ ఎక్కడ పడుతుందో పటం గీశానే" అన్నాడు.

"ఏ నెలకి?"

"చట్టం అడిగేది వసంతానికీ ఆకురాలు కాలానికీ. ఫిబ్రవరిలో ఊరంతా ఎలాగూ కొండ నీడేగా. నీడ మీద నీడ ఎవరూ లెక్కెయ్యరు. పటంలో కొండంటే ఒక తిన్నని గీత..." ఆగాడు. "ఆ గీత నేనే గీశాను. సందు పెట్టలేదు."

ఊర్సి పక్కన కూర్చుంది.

"పండగ రోజు అందరూ చూశారా?"

"చూశారు."

"ఒక్కరూ చెప్పలేదే."

"నమ్మండి అన్నావు. నమ్మారు."

"నువ్వు?"

"నేనూ చెప్పలేదు. ఇన్ని రోజులు నోరు మూసుకుని కూచున్నాను. నా గది పోతుందని."

యోస్ట్ అక్క చేతివంక చూశాడు. అవతల హైరీ కేకేశాడు. "దొరా, పీకమంటావా, పండగలూ పబ్బాలూ చేసుకుంటూ కూచోమంటావా?"

"ఉండనీ" అన్నాడు యోస్ట్. అంత దూరానికి ఆ గొంతు వినబడలేదు. చెయ్యి అడ్డంగా ఊపాడు.

వసంతపు సభ బడి ఆటల గదిలో జరిగింది. ఆ బడి కూడా అతనిదే. యోస్ట్ లేచి, పటాలేవీ తెరవకుండా, తప్పు తనదని చెప్పాడు. పై అంతస్తు తీసేయమని అడిగాడు. అధ్యక్షుడు అడ్డం వచ్చాడు. అంతస్తు తీసేస్తే గదులు చాలవు, గదులు చాలకపోతే సాయం రాదు. కడితే ఇలాగే కట్టాలి, లేకపోతే లేదు.

"అయితే లేదు" అన్నాడు యోస్ట్.

వెనక వరసలోంచి ఎవరో అందుకున్నారు. "కాసేపు ఎండ కోసం మా అమ్మని దిగువకు పంపించుకోమంటారా? ముసలివాళ్ళు ఊళ్ళోనే ఉండాలని మీరు జూరిక్‌లో చెప్పింది పేపర్లో చదివాం. ఇక్కడ మటుకు మాకు లిఫ్టు చూపించి లాక్కుంటున్నారు."

"చలికాలం ఆగమని ముప్పొద్దులా చెప్పిందెవరు?" ఇంకొకడు. "మాకే చెప్పారు, మీకు మీరు చెప్పుకోలేదు."

"ఆ మాట నిజమే" అన్నాడు యోస్ట్.

వ్రేని లేచింది. "నేను పోతే నమస్కారం చెప్పే వంతు ఊర్సిది. గోడకి చెప్పమంటారా?" అని కూర్చుంది. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు.

అధ్యక్షుడు చేతులెత్తమన్నాడు. కట్టడం వద్దనేవాళ్ళు ముందు. ఊర్సికి నిలబడి ఓటెయ్యడం కష్టమని గోడ పక్కన కుర్చీ వేశారు. అందరి కళ్ళూ ఒక్క క్షణం అటు తిరిగాయి. ఆ ఇల్లు ఎవరి కోసం గీశాడో తెలియనివాళ్ళు ఆ గదిలో లేరు. ఆమెకు పటంలో వేలు పెట్టి చూపించిన గడి గుర్తొచ్చింది. వెనక వరసలోంచి అరిచినవాడి తల్లి కూడా గుర్తొచ్చింది, ఆవిడకీ మోకాళ్ళు లేవవు. తను ఎత్తబోయే చెయ్యి ఆవిడ గదిని కూడా తీసేస్తుంది.

చెయ్యెత్తింది. భుజం నొప్పి పుట్టేదాకా దించలేదు. అటూ ఇటూ చేతులు లేచాయి, తేడా కొంచెమే. కానీ చాలింది.

హైరీ గడలు పీకాడు. పేపర్లవాళ్ళు చలికాలం నియమం పెట్టినవాడే దాన్ని తప్పించుకోబోయాడని రాశారు. ఏ లోయ నుంచీ యోస్ట్‌ను మళ్ళీ పిలవలేదు. ఆఫీసు కుర్చీలోకి కుర్రవాడొకడు వచ్చాడు. అతను మంచివాడే, యోస్ట్ కనబడితే దారిలో ఆగి పలకరించేవాడు. యోస్ట్ పెన్సిలు పారెయ్యలేదు గానీ గీసింది ఎవరికీ చూపించేవాడు కాదు.

ఊర్సి ఆ వేసవిలోనే మెట్ల మీద మళ్ళీ జారింది. అక్టోబరులో తమ్ముడు ఆమెను కారులో దిగువ పట్టణానికి దింపాడు. అక్కడ లోయ వెడల్పు. చలికాలంలో కూడా పొద్దున్నే ఎండ పరుపు మీద పడేది. తక్కినవాళ్ళు కుర్చీలు ఎండలోకి జరుపుకునేవారు. ఊళ్ళో నీడ ఉన్నన్నాళ్ళూ ఊర్సి తెర వేసుకునేది. కళ్ళకి పడదని నర్సులతో చెప్పేది.

వ్రేని జనవరిలో పోయింది.

ఫిబ్రవరిలో యోస్ట్ వచ్చి ఊర్సిని పండక్కి తీసుకెళ్ళాడు. కారు దిగగానే బెంచీ మీదివాళ్ళు పలకరించారు. చోటివ్వడానికి ఎవరూ జరగలేదు, ఆమె కూడా అటు అడుగు వెయ్యలేదు. ఇప్పుడు ఊళ్ళో అందరికంటే పెద్దావిడ మోకాళ్ళు లేవని ఆ తల్లే. మధ్యలో ఆవిడ కూర్చుని ఉంది, కొడుకు వెనక నిలబడ్డాడు.

ఊర్సి దారి మీద, నీడలో నిలబడింది. యోస్ట్ పక్కనే నిలబడ్డాడు.

"నువ్వెందుకిక్కడ? పో, కూచో."

"ఉంటాలే."

"చలికాలమంతా ఉన్నావుగా. నీ చోటు ఖాళీగా పెడితే వాళ్ళు ఏమనుకుంటారు? పో."

అతను వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. గడలు నిలిచిన చోట ఇప్పుడు మంచు తప్ప ఏమీ లేదు.

పంటిసందు తెల్లబడింది. ఎండ బెంచీ మీదికి వచ్చింది. ఆ తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని లేచి, వణుకుతూ, మాట తడబడి, మళ్ళీ మొదలుపెట్టి చెప్పింది. "వచ్చావా. మేమంతా ఉన్నాం." ఊర్సి పెదాలు కదిలాయి. వెంటనే ఆపుకుంది.

ఎండలో తమ్ముడి మొహం చూసింది. ముసలివాడైపోయాడు. ఇన్నాళ్ళూ ఆమెకు అది కనబడలేదు. అతను కళ్ళు మూసుకుని లేడు, సూర్యుణ్ణి చూడ్డం లేదు. దారి మీద ఆమె ఎక్కడుందా అని నీడలోకి వెతుకుతున్నాడు. ఊర్సి కర్ర కొద్దిగా పైకెత్తింది.